మామ్మ మట్టి తల

ఆ శనివారం తిరుమలగిరిలో ప్రేమమణి టీచర్ ఇంట్లో ఉన్నది అయిదుగురు. మట్టిపని నేర్పే టీచర్, బట్టీ కాల్చే జంగయ్య, రైల్వేలో గార్డుగా రిటైరైన ఆర్థర్ గారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కల్పలత, మూలన లోవలక్ష్మి. పెరటి గోడ మీద ఎండలో ఉన్న మట్టి తలను కూడా లెక్కేసుకుంటే ఆరుగురు. అది తునిలో ఉండే లోవ వాళ్ల మామ్మ తల.

పదో తరగతి రాసి సెలవులకి అల్వాల్‌లో మావయ్య ఇంటికొచ్చిన లోవని, ఖాళీగా ఎందుకని అత్త ఇక్కడికి పంపింది. వచ్చిన దగ్గర్నుంచీ మామ్మ ముఖమే చేసింది. లోపలికి పోయిన బుగ్గలు, ముక్కుకి అడ్డబాసతో సహా. "కట్టు ఇప్పేక ముందు నా మొకమే సూసుకుంటానే" అని ఫోన్లో మామ్మ మురిసిపోయింది. ఇవాళ రెండింటికి కాకినాడలో ఆవిడకి కంటి ఆపరేషన్.

పోయిన వారం టీచర్ ఒక సన్నటి తీగ ఇచ్చింది. "నడినెత్తి కోసి మూతలా తీసి, లోపలి మట్టంతా తవ్వెయ్యి. మళ్లీ అతికిద్దాం. లోపల తడి ఉండిపోతే బట్టీలో పేలిపోతుంది. పక్కనున్నవన్నీ పోతాయి."

లోవ తల ఊపింది. కానీ తీగ మామ్మ నెత్తి మీద పెట్టగానే ఊరి సంగతి గుర్తొచ్చింది. వాళ్ల ఊళ్లో ఒకసారి చేను గట్టున మెడ కోసిన మట్టిబొమ్మ దొరికితే, చేతబడేనని వీధంతా వారం రోజులు పొద్దుగూకకుండానే తలుపులు బిగించుకుంది. ఇది బతికున్న మనిషి తల. అందులోనూ డాక్టర్లు కత్తి పెట్టబోయే తల. తీగ పక్కన పెట్టేసింది. "అయిందా?" అని టీచర్ అడిగితే మళ్లీ తల ఊపింది. తన యాసకి కల్పలత నవ్వుతుందని దేనికైనా తల ఊపడమే అలవాటు. మట్టి తియ్యలేదన్న సంగతి తన డైరీలో కూడా రాసుకోలేదు.

ఇప్పుడు జంగయ్య బట్టీ నింపుతున్నాడు. ఒక్కోదాన్నీ చెంపకి ఆనించి చూస్తున్నాడు. చల్లగా తగిలితే లోపల తడున్నట్టు. అది తెలిసే లోవ పొద్దున్నే తలని ఎండలో పెట్టింది.

"జర పైలం జంగయ్యా, ఆ కెటిల్‌కి కొమ్ము అతికించడానికే రెండు నెలలు పట్టింది," అన్నాడు ఆర్థర్.

"గూడ్సు బండి లెక్క నడిపితివి గద సార్!"

"నా దీపాలు సుత పైలం," అంది కల్పలత. "టీములో అందరికీ తలొకటి ఇస్తానని మెయిల్ పెట్టేసిన. పగిలితే ఇజ్జత్ పోతది."

జంగయ్య మామ్మ తలని చెంపకి ఆనించుకున్నాడు. "అవ్వ మంచిగనే ఎండింది." కెటిల్‌కీ దీపాలకీ నడుమ పెట్టబోయి ఆగాడు. "గింత బరువేందీ? లోపల తీసినవు కద బిడ్డా?"

అందరూ అటే చూశారు. అలవాటుగా లోవ తల దానంతటదే ఊగబోయింది. రెండు చేతులతో తన గడ్డం పట్టి ఆపుకుంది.

"తియ్యలేదండి. మామ్మకి ఇయ్యాలే ఆపరేషనండి. బయమేసి... నెత్తి కొయ్యలేకపోయేను."

కల్పలత నవ్వలేదు. "నా దీపాలన్నీ..." అని ఆగిపోయింది.

జంగయ్య మట్టి తలని పక్కన దించి గోటితో నొక్కాడు. "పైన ఎండింది గని లోపల పచ్చిగనే ఉన్నది. తడిగుడ్డ ఏస్తే ఇయ్యాల తీగ దిగుతది. రేపైతే దిగది. ఊకె ఇడిసిపెడితే ముఖమే పగుల్తది."

"నేను కోసిపెట్టనా?" అంది టీచర్.

గడియారంలో రెండు కావస్తోంది. కాకినాడలో ఎవరో పరాయి చెయ్యి ఇప్పుడే మామ్మ మీద పడుతుంది. ఇక్కడ కూడా పరాయి చెయ్యా?

"వద్దండి. నేనే కోత్తాను. ఎవరూ సూడకండి."

సామాన్ల గదిలో బల్ల మీద తలని పెట్టి, నెత్తిన తడిగుడ్డ కప్పి, లోవ తప్ప అందరూ బయటికి వచ్చేశారు. కాసేపాగి లోవ గుడ్డ తీసింది. తీగ చివర్లు వేళ్లకి చుట్టుకుంది. మామ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. తనే అలా చేసింది. చున్నీ తీసి ఆ కళ్లకి కట్టు కట్టింది.

"నొప్పెడితే సెప్పే మామ్మా," అంది.

బయటి నుంచి జంగయ్య చప్పుడు కాకుండా తలుపు మూసేశాడు.