మూసిన గదిలో సరిపోయిన లెక్క

“ఏ సందులోంచి ఏ గాలి దూరుతాదో, నా పిల్లకేటైపోద్దో తల్లీ!”

సూరమ్మ ఈ మాట అనేటప్పటికి ఇంట్లో ఏమీ జరగలేదు. పెద్ద కూతురు నూకరత్నం ప్రసవించి, పసిబిడ్డతో ఆసుపత్రి నుంచి వచ్చింది, అంతే. బయట వాన పడుతోంది.

నేను ఒక బొగ్గుల కుంపటిని. కిరసనాయిలు డబ్బాను కోసి, అడుగున చిల్లులు పొడిచి, లోపల మట్టి మెత్తి నన్ను తయారుచేశారు. మొదట రోడ్డు పక్క టీ కొట్టులో ఉండేదాన్ని. అక్కడ గాలికి కొదవ లేదు. చాలకపోతే విసనకర్రతో విసిరేవారు. “మండవే, నీ మొహం మండా!” అని తిట్టేవారు కూడా. మండడమే పనైనదానికి అది తిట్టో దీవెనో నాకు అర్థమయ్యేది కాదు. కొట్టుకు గ్యాసు వచ్చాక సూరమ్మ ఇంటికి చేరాను. గ్యాసు పేలుతుందని ఆవిడకు భయం. నేను పేలను కదా, నా మీద నమ్మకం.

బాలింతకు గాలి తగలకూడదని ఆవిడ కిటికీ సందుల్లో పాత చీర పేలికలు కుక్కింది. ఎర్రగా రగిలిన బొగ్గులతో నన్ను మంచం పక్కన పెట్టి, తలుపు మూసి, గుమ్మం కింద గోనెపట్టా దోపింది.

కొంతసేపటికి లోపలి నుంచి రత్నం మూలిగింది. “అమ్మా, తల పగిలిపోతందే.”

“సూసేవా, అప్పుడే గాలి తగిలీసింది!” అంటూ సూరమ్మ వచ్చి మరో రెండు గుప్పిళ్ల బొగ్గులు వేసి, మళ్లీ తలుపు మూసింది. రత్నం నిద్రలోకి జారింది. వెచ్చగా ఉండి నిద్ర పట్టిందని తల్లి సంతోషించి, గుమ్మం ముందే కాపలా కూర్చుంది.

అవతల గదిలో చిన్న కూతురు ఈశ్వరి పదో తరగతి పరీక్షకు దహన చర్యల సమీకరణాలు పైకి చదువుతోంది. ఎడమవైపు ఎన్ని పరమాణువులుంటే కుడివైపూ అన్నే ఉండాలట. ఒక కార్బనుకు ఆక్సిజన్ జంట దొరికితే కార్బన్ డయాక్సైడ్. ఆక్సిజన్ చాలకపోతే అదే జంటను రెండు కార్బన్లు పంచుకుని, రెండు కార్బన్ మోనాక్సైడ్లు అవుతాయట.

నాకు చదువు లేదు గానీ, అది నా కడుపులో సంగతే. గాలి ఉన్నప్పుడూ నా లెక్క సరిపోతుంది, లేనప్పుడూ సరిపోతుంది. ఎక్కడో తేడా వస్తే ఎవరైనా కనిపెట్టేవారేమో. రాదు, అదే నా భయం. బొగ్గుల మీద నీలం మంట ఆడుతోంది. పక్కన పసిబిడ్డ కదలడం మానేశాడు. కేక వేయడానికి నాకు నోరు లేదు.

“రెండు సీఓ... రంగు, వాసన లేని విషవాయువు...” ఈశ్వరి గొంతు ఆగిపోయింది. పరుగున వచ్చింది. “అమ్మా, తలుపు తియ్యే! లోపల కుంపటుంది!”

“నోర్ముయ్యి. పచ్చి బాలింత. నీ పుస్తకం బాలింతకి పత్తెం సెప్తాదేటి?”

“తలనొప్పి గాలి తగిలి కాదే, గాలి సాలక! ఓసారి అక్కని పిలు, పలుకుతాదేమో సూడు!”

సూరమ్మ పిలిచింది. జవాబు లేదు. అంతే, తలుపును భుజంతో గుద్ది తెరిచింది. బిడ్డను ఈశ్వరి చేతిలో పెట్టి, రత్నాన్ని చంకల కింద పట్టుకుని వరండాలోకి ఈడ్చింది. ఎవరో నన్ను పెరట్లోకి తన్నారు. సొట్టపడి బోర్లా పడ్డాను. ఇప్పటికీ అక్కడే తుప్పు పడుతున్నాను.

గాలి తగలగానే బిడ్డ కెవ్వుమన్నాడు. రత్నం కదల్లేదు. పక్కింటివాళ్లు ఆటో కోసం పరుగెత్తారు. ఇన్నాళ్లూ గాలిని శత్రువులా చూసిన సూరమ్మ, కొంగుతో కూతురి మొహాన విసురుతూనే ఉంది. “రత్తం, ఓలమ్మా, పలకవే... తిట్టవే పోనీ...”

నా బొగ్గులు ఒక్కొక్కటే వానలో చల్లారాయి. ఆఖరిదీ నల్లబడింది. అయినా ఆవిడ విసురుతూనే ఉంది.

అప్పుడు రత్నం పెదవులు కదిలాయి.

“సలేస్తందమ్మా... లోపలికెల్దాం.”