ఆడబిడ్డ ఇచ్చిన లివరు

కాంచనకు ఆడబిడ్డ ప్రతిమ పేరెత్తితే కడుపుమంట. ఆ సంగతి చింతామణి ఊళ్ళో అంగడి వీధికంతా తెలుసు. తెలియనట్టు నటించేది కాంచన ఒక్కతే.

మంట ఊరికే పుట్టలేదు. మూడేళ్ల కిందట మొగుడు గిరీశ్ లివరు చెడిపోతే, ఇస్తానని మొదట ముందుకొచ్చింది కాంచనే. గ్రూపు కలవలేదన్నారు. బాగేపల్లి నుంచి చెల్లెలు ప్రతిమ వచ్చి తన లివరులో సగం ఇచ్చింది. అప్పటినుంచి గౌరి పండగకు ఆడబిడ్డకిచ్చే బాగినానికి మొరం చేటలో గాజులూ రవికగుడ్డా సర్దేది కాంచన, దాన్ని దేవుడి పల్లకీలా బాగేపల్లికి మోసుకెళ్ళేది గిరీశ్. పెళ్ళాం పుట్టినరోజు మాత్రం ఆ మహానుభావుడికి గుర్తుండదు.

ఇప్పుడు గిరీశ్‌కు ఆ పాత కోత దగ్గరే పేగు ఉబ్బుకొచ్చింది. హెర్నియా అన్నారు. మళ్ళీ పొట్ట కోయకుండా చిన్న చిల్లులు పెట్టి, కెమెరా దూర్చి, లోపలే వల అతికిస్తామన్నారు బెంగళూరు డాక్టర్లు. ఈసారైనా ఆపరేషన్ గది బయట తానొక్కతే కూర్చోవాలని కాంచన ఆశ. తెల్లారేసరికి ప్రతిమ ఫ్లాస్కుతో సహా దిగింది.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు నేరుగా ప్రతిమ దగ్గరికే వచ్చాడు.

"మీరిచ్చిన లివరు కెమెరాలో చూశామమ్మా. చక్కగా పెరిగింది."

మొగుడి కడుపులో ఏముందో చెప్పడానికి పెళ్ళాం కనబడలేదా? కాంచనకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంకేమమ్మా, లోపల గూడా నువ్వే ఉండావంట. నేనెందుకు ఈడ?" అనేసింది.

ప్రతిమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీతో దినామూ కొట్లాడతాడు గదా వదినా. నాతో అన్న కొట్లాడి మూడేండ్లాయె. చిన్నప్పుడు జడ పట్టుకోని ఈడుస్తాండె. ఇప్పుడు నన్ను చూస్తే లేచి నిలబడతాడు. నా అన్న యాడికి పోయినాడో ఏమో."

దొంగ ఏడుపు అనుకుంది కాంచన.

గిరీశ్‌కు మెలకువ వచ్చిందని ఇద్దరినీ లోపలికి పిలిచారు. చెల్లెల్ని చూడగానే సూది గుచ్చిన చేతిని కూడా ఎత్తి దండం పెట్టబోయాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "యాడ సచ్చినావే ఇంతసేపు? గొంతు ఎండిపోతాండాది," అని కసిరాడు.

కాంచన తిరిగి నాలుగు అంటించేదే. నోరు తెరిచి, ఎందుకో పక్కకు చూసింది. ప్రతిమ తననే చూస్తోంది. ఆ చూపు కాంచనకు బాగా తెలుసు. మూడేళ్లుగా అద్దంలో చూస్తున్నదే.