దొంగనిద్ర

అమ్మ లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసింది నేనే కాబట్టి తిట్లూ నాకే పడేవి. మూత మూసినా అది నిద్రలోకి వెళ్లేది కాదు, లోపల ఫ్యాన్ తిరుగుతూనే ఉండేది. పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దడం ముగించాక అమ్మ మూత మీద చెవి ఆనించి, "దొంగనిద్ర" అనేది. చిన్నప్పుడు మధ్యాహ్నాలు మంచం పక్కన నిలబడి నన్నూ అక్కనూ అలాగే పట్టేసేది. అక్కే ముందు నవ్వేసేది.

"లోపం ఫర్మ్‌వేర్‌లో, అంటే మెషీన్‌తో పాటే వచ్చే ప్రోగ్రామ్‌లో ఉందమ్మా. దాన్ని తయారుచేసినవాళ్లే సరిచేసి పంపాలి."

"నీకు చేతకాదని చెప్పరాదూ."

అమ్మ పోయిన పది నెలలకి ఆ అప్‌డేట్ వచ్చింది. అక్కకి ఫోన్‌లో చెబుతూనే ఛార్జర్ తగిలించి, ఒక్క కమాండ్ ఇచ్చాను. లాప్‌టాప్ ఆరిపోయి మళ్లీ వెలిగింది. నల్లటి తెర మీద ఒక తెల్ల గీత మెల్లగా నిండింది. మొత్తం ఐదు నిమిషాల పని. దీనికి మూడేళ్లు పట్టిందా వీళ్లకి అని ఒళ్లు మండింది.

మూత మూసి చెవి ఆనించాను. చడీ చప్పుడూ లేదు.

"ఏమైందిరా?" అంది అక్క.

"బాగైపోయింది. నిజంగానే పడుకుంది."



"సరిగ్గా విన్నావా? ఇంకోసారి విను," అంది.

విన్నాను.