ఏ సొరుగులోనూ లేని అచ్చాయమ్మ

"నా బనీను దొరికిందా?" స్నానాల గదిలోంచి మా ఆయన కేక.

మా భీమరాజు గారికి మంచం మీద ఒంటె పడుకున్నా కనపడదు. నేనే వెళ్ళి దాని మూపురం మీది బనీను తీసి చేతికందించాలి. అంతవరకూ నవ్వులాటే. కానీ ఆ "దొరికిందా" అన్న మాట ఆయన గొంతులో మొదలై నా చెవిలో అచ్చాయమ్మ గొంతుతో ముగుస్తుంది.

నేను దుబాయ్‌లో ఒక ఆసుపత్రి నర్సుని. ఎనభై మూడులో, రోగుల పాత కార్డులు గబగబా వెతకడం మాకు నేర్పాలనుకున్నారు పెద్దవాళ్ళు. క్లాసు మాత్రం డ్యూటీ అయ్యాక, నాలుగింటికి, కింది హాల్లో పెట్టారు. చెప్పేది కార్డుల గది చూసే హైదరాబాదావిడ కుబ్రా బేగం. మగ గుమాస్తాలు బిస్కట్లు తింటూ నేర్చుకున్నారు. పెళ్ళయిన నర్సులం బస్సుకి పరుగెత్తాం. "పప్పు డబ్బా ఎక్కడుందో తెలుసుగా, కార్డులెతకడానికి మళ్ళీ చదువెందుకే? నాలుగున్నరకి నాకు టీ ఎవరు పెడతారు?" అన్నారు ఈయన. పెట్టాను. యాలకులు కూడా వేశాను.

పై వారం, శుక్రవారం, అచ్చాయమ్మ వచ్చింది. గోదావరి మనిషి, అరబ్బుల ఇంట్లో వంట. ఒళ్ళు కాలిపోతోంది. "నాకేదో సూది పడదమ్మాయ్. పేరు తెలీదు. పోయినసారి మీవోళ్ళే రాసుకున్నారు, సూడు," అంది. సెలవురోజు, కార్డుల గదిలో ఎవరూ లేరు. ఇంగ్లీషు 'ఏ' అక్షరం సొరుగు మూడుసార్లు తిరగేశాను. వార్డుకి తిరిగొచ్చిన ప్రతిసారీ అడిగింది, "దొరికిందా అమ్మాయ్?" డాక్టరు ఇక ఆగలేనన్నాడు. సూది నేనే పొడిచాను. పది నిమిషాల్లో ఆ గొంతు పూడుకుపోయింది, మనిషి దక్కలేదు.

మర్నాడు కుబ్రా బేగం ఆ కార్డు వీ సొరుగులోంచి తీసింది. 'వెంకటరాజు భార్య.' పేరడిగితే ఫలానావారి ఆడమనిషిననడం మా వైపు మర్యాద. అదే రాసుకోవడం గుమాస్తాకి సుఖం. "ఆడోళ్ళ కార్డు మొగుడి పేరు కింద కూడా చూడాలని క్లాసులో మొదటి మాటే చెప్పిన కదమ్మా. నువ్వు రాలే," అంది మెల్లగా.

ఏడాది పాటు ఆ సొరుగు నా కలల్లో తెరుచుకుంటూనే ఉంది. చివరికి ముదీర్ దగ్గరికి, అంటే మా ఆసుపత్రి పెద్ద దగ్గరికి, వెళ్ళాను. క్లాసు హాల్లో వద్దు సార్, డ్యూటీలోనే, సొరుగుని మందుల బండి మీద వార్డుకి తెచ్చి రోజుకి పది నిమిషాలు చెబుదాం అన్నాను. ఎవరు చెబుతారన్నాడు. నేనే అన్నాను.

నిన్న మొదటి పాఠం. ఎనిమిది మంది నర్సులం. అచ్చాయమ్మ కార్డు తియ్యమన్నాను, ఎవరికీ దొరకలేదు. సరే, నాది తియ్యమన్నాను. ఎమ్ సొరుగంతా వెతికారు. మాణిక్యాంబ లేదు. ఆఖరికి బీ సొరుగులో బయటపడింది. 'భీమరాజు భార్య.' అక్కడే రెండు కొత్త కార్డులు రాసి, ఎవరి పేరు కింద వాళ్ళని పెట్టాను.

"దొరికిందా అంటే?" మళ్ళీ కేక.

నేను లేవలేదు. అడిగింది ఆయన. నేను జవాబు చెప్పింది అచ్చాయమ్మకి.

"దొరికింది పిన్నీ. నేను కూడా మొగుడి పేరు కిందే దొరికాను."