జానెడు పెరిగే బల్ల

బుధవారం పొద్దున పది కాగానే ఆ దర్జీ ఇంట్లో కుట్టుమిషను చప్పుడు ఆగిపోతుంది. ఆవిడ బట్టలన్నీ మంచం మీదకి చేరవేసి, కత్తిరింపు బల్ల తుడిచి, నీళ్ళ కూజా పెడుతుంది. తొమ్మిదేళ్ళ కూతురు మెడలోంచి టేపు తీసి బల్ల పొడవు కొలుస్తుంది. మెడలో టేపు లేకుండా ఆ పిల్లని ఎవరూ చూడలేదు కాబట్టి వీధంతా టేపు పాప అని పేరు పెట్టేసింది. కాసేపట్లో, పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునేవాళ్ళంతా వచ్చి కూర్చుంటారు.

మొదట్లో ఆ బల్ల ఆరడుగులే. మూడేళ్ళ కిందట టేపు పాప బడిలో మాట్లాడటం మానేసింది. ఇంట్లో వాగుడుకాయ, క్లాసులో మూగనోము. ఒక ఏడాది ఓపిక పట్టి, బడి మాన్పించిన రోజున వాళ్ళమ్మ బల్ల మీద తల వాల్చి, "ఇప్పుడేం చెయ్యాలి?" అని పైకే అడిగింది. బల్ల జానెడు పెరిగింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని మిషను కాస్త పక్కకి జరుపుకుంది.

తర్వాత ఒకరోజు, బస్సు నడిపే ఆవిడ యూనిఫాం చొక్కా వదులు చేయించుకోడానికి వచ్చింది. పదకొండింటికి పిల్ల ఇంట్లో ఉండటం చూసి, "మావాళ్ళిద్దరూ ఇంట్లోనే చదువుతున్నారమ్మా. చిన్నాడికి భిన్నాలు చెప్పలేక చస్తున్నా" అంటూ కుర్చీలో కూలబడింది. బల్ల ఇంకో జానెడు పెరిగింది. ఆనోటా ఆనోటా పాకి మందుల షాపాయన వచ్చాడు. ఆయన వెనక ఇంకో ఎనిమిది కుటుంబాలు. ఒక్కో ఇంటికి ఒక్కో జానెడు, అదీ అడగాల్సింది నిజంగా ఉంటేనే. గైడ్లు అమ్ముకోడానికి వచ్చినాయన గంటసేపు ఊదరగొట్టినా వేలెడు కూడా పెరగలేదు. బల్ల వంటింటి గుమ్మం దాకా వచ్చాక ఆ తలుపు ఊడదీసి అటకెక్కించారు.

ఆ బుధవారం దర్జీ విద్యాశాఖ నుంచి వచ్చిన ఉత్తరం తెచ్చి అందరి ముందూ పెట్టింది. మర్నాడు పదింటికి ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు. పిల్ల ఇంట్లో ఏం చదివిందో రికార్డు చూపించాలి. లేకపోతే సోమవారం నుంచి బడికి పంపాలి.

"రికార్డు రాయలేదా నువ్వు?" అంది బస్సావిడ.

"లేదక్కా. అందరి కొలతలూ బుర్రలోనే పెట్టుకుంటా కదా, ఇదీ అలాగే అనుకున్నా."

అది మాత్రం నిజం. నడుం ఇంచీ పెరిగితే మనిషి గుమ్మంలో ఉండగానే చెప్పేస్తుంది. ఇరవయ్యేళ్ళలో ఒక్క కొలతా కాగితం మీద పెట్టలేదని ఆవిడకి కాస్త గర్వం కూడాను.

"ఇప్పుడు కూర్చుంటే పాత తేదీలేసి రాసెయ్యొచ్చు. నేనూ ఒక చెయ్యి వేస్తా" అన్నాడు మందుల షాపాయన.

"ఊరుకో తమ్ముడూ!" అంది బస్సావిడ. " అది దొరికిందంటే రేపట్నుంచి మనందరి పిల్లల మీదా అనుమానమే. చూడమ్మా, లేనిది లేదని చెప్పు. రోజూ చేసే పనే చెయ్యండి. పిల్లని మాట్లాడనివ్వు."

"కొత్తవాళ్ళ ముందు అది నోరు విప్పితేగా అక్కా! అదేగా నా భయం."



మర్నాడు సరిగ్గా పదింటికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చింది. ఇస్త్రీ మడత నలగని మనిషి. బల్ల ఒక కొసన కూర్చుని ఫారాలు పరుచుకుంది.

"రికార్డు చూపించండి."

"లేదండీ. చదివించాను, రాసిపెట్టలేదు."

"అసలేమీ లేదా?"

టేపు పాప అమ్మ కొంగు పట్టుకుని నిలబడింది. పెదవులు బిగించేసింది. ఇన్‌స్పెక్టరుగారు పెన్ను మూత తీసింది.

అప్పుడు బల్ల జానెడు పెరిగింది. అధికారిణి మోచేతులతో సహా ఫారాలు కాస్త వెనక్కి జరిగాయి. ఆవిడ కుర్చీ సర్దుకుంది. పిల్ల కొంగు వదిలేసి, అలవాటు ప్రకారం టేపు తీసి ఆ కొస నుంచి ఈ కొస దాకా కొలిచింది. మిషను కింద గుడ్డపీలికల సంచీలోంచి లావుపాటి నోటుబుక్కు లాగి రాయడం మొదలుపెట్టింది. అది బొమ్మల పుస్తకమనే అనుకుంటోంది వాళ్ళమ్మ ఇన్నాళ్ళూ.

"ఏంటమ్మా అది? ఇలా ఇవ్వు."

ఇన్‌స్పెక్టరుగారు పేజీలు తిప్పింది. తేదీ, పొడవు, వచ్చినవారు, అడిగినది, చెప్పినది. అంగుళాలు ఒకవైపు, అడుగులు ఒకవైపు. బల్ల ఏ నెలలో ఎంత పెరిగిందో గీసిన గ్రాఫు. 'బస్సు పెద్దమ్మ చిన్నాడికి భిన్నాలు రావట్లేదు. గుడ్డ ఎనిమిది మడతలు పెట్టి చూపించాం. వచ్చేశాయి.' వెనక్కి తిప్పుతూ పోతే మొదటి పేజీలో ఏడేళ్ళ వంకర రాత. 'వచ్చినవారు: అమ్మ. అడిగినది: ఇప్పుడేం చెయ్యాలి. చెప్పినది: ఎవరూ లేరు. నేనే మంచినీళ్ళు ఇచ్చాను.'

దర్జీ ఆమె భుజం మీదుగా అది చదివింది. ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది.

ఇన్‌స్పెక్టరుగారు ఆ పేజీ మళ్ళీ ఒకసారి చదివింది. తర్వాత ఫారం తీసి, 'రికార్డు ఉంది, ఇంటి చదువు కొనసాగించవచ్చు' అని రాసి సంతకం పెట్టింది. సంచీ సర్దుకుని లేవబోతూ చివరి పేజీ చూసింది. ఇంకా తడి ఆరని సిరా. 'నూట ఎనభై అంగుళాలు. సరిగ్గా పదిహేను అడుగులు. వచ్చినవారు: ఇన్‌స్పెక్టరుగారు. అడిగినది:' తర్వాత ఖాళీ.

టేపు పాప బల్ల చుట్టూ తిరిగి ఆవిడ పక్కకొచ్చింది. పెన్ను పట్టుకుని, గొంతు సవరించుకుని, "ఏం రాయమంటారండీ?" అని అడిగింది.

ఇన్‌స్పెక్టరుగారు మళ్ళీ కూర్చుంది.

"మా అమ్మాయి బడి గేటు దాకా వచ్చి ఆగిపోతోందమ్మా. మూడు నెలలైంది. నా ఉద్యోగం చూస్తే ఇదీ, ఎవరికని చెప్పుకోను, ఎవర్నని అడగను..."

దర్జీ కూజాలోంచి గ్లాసు నింపి ఆవిడ ముందు పెట్టింది.

"కొంచెం మెల్లగా చెప్పండి," అంది టేపు పాప, "రాసుకుంటున్నా."