లింకులో ఊరి పేరు

మధ్యాహ్నం కరెంటు మళ్లీ వచ్చేసరికి అముదా చీర చెమటకు వీపుకు అంటుకుపోయింది. పొద్దుటినుంచి ఒకటే పని: ఒక మందుల కంపెనీ వెబ్‌సైటులో లింకుల పేర్లు మార్చడం. పత్తి దుమ్ముకు దగ్గు పట్టుకుని నూలుమిల్లు మానేశాక, రాజపాళయం బస్టాండు పక్కన మేడమీది ఈ ఆఫీసులో చేరింది. నెలకు తొమ్మిది వేలు. మిల్లులో అంతకంటే ఎక్కువే వచ్చేది. ఇక్కడ దుమ్ము లేదు, అంతే.

యజమాని కళైయరసన్ వెనకనుంచి వంగి చూశాడు.

"ఏమిమా, ఇంగా అంకెలే ఉండాయి లింకులో? అంకెలేసి ఎవురు వెతుకుతారు? జనం ఏ మాట అడుగుతారో ఆ మాటే ఉండాల. మాటకీ మాటకీ నడాన చిన్న గీత పెట్టు. ఊరి పేరు చేర్చు. పోయిన నెల మంసాపురం పేజీ అట్లే మార్చినావు కదా, ఇప్పుడు సెర్చిలో అదే ముందర వస్తాంది."

"సెరి సార్."

అతనికీ కంపెనీవాళ్ల ఫోన్లు ఊపిరాడనివ్వడం లేదు. మిగతా ఊళ్ల పేజీలు కూడా సెర్చిలో పైకి రాకపోతే పని వేరేవాళ్లకిస్తామంటున్నారు.

సాయంత్రం పెద్దమ్మ కూతురు చిత్ర ఫోన్ చేసింది. "అక్కా, అమ్మని పెద్దాస్పత్రికి తీసుకొచ్చినాము. కాలు నల్లగా అయిపోయింది."

అముదా షేర్ ఆటో ఎక్కి వెళ్లింది. పెద్దమ్మ చిన్నమ్మాళ్ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంసాపురంలో కూలికి పోయే మనిషి. కాలి బొటనవేలు తీసేయాలన్నారట డాక్టర్లు.

"షుగర్ మాత్రలు మింగతా ఉండావా పెద్దమ్మా?"

"అవి నిలిపేసినానుమా. చిత్ర ఫోన్లో అడిగితే, మాత్ర లేకుండా షుగర్ తగ్గించే కొత్త మందని మొదటే వచ్చింది. మన ఊరి పేరుండె. మనకోసరమే చేసినారనుకున్నాను."

అముదా చిత్ర ఫోన్ అందుకుంది. లింకులో ఉన్న మాటలు: షుగర్, మాత్ర లేకుండా, మంసాపురం. మధ్యలో చిన్న గీతలు. పేజీలోని రాతంతా కంపెనీ పంపిందే. దాన్ని ఆమె ఏనాడూ పూర్తిగా చదవలేదు. లింకు మాత్రం తను పెట్టిందే.

"పెద్దమ్మా, ఆ లింకు పెట్టింది నేనే."

చిన్నమ్మాళ్‌కు అర్థం కాలేదు. "నీకు కంప్యూటర్ వేలై, కుర్చీలో కూర్చుని చేసే పని, దొరికిందని ఊరంతా చెప్పినానుమా," అంది నీరసంగా.



మర్నాడు కళైయరసన్ ఇంకో ఊరు, తళవాయిపురం పేజీ ఆమె ముందు తెరిచి పెట్టాడు.

"నేను ఈ లింకు మార్చను సార్. మంసాపురం పేజీ కూడా తీసెయ్యండి. మా పెద్దమ్మ దాన్ని నమ్మి మాత్రలు నిలిపేసింది. వేలు పోతాంది."

అతని ముఖం వాడిపోయింది. "మందు మనమా అమ్మేదిమా? మనం దారి చూపిస్తాము, అంతే."

"ఆ దారే వద్దంటాను."

"అయితే పో. జెయంతి చేస్తాది."

పక్క కుర్చీలో జెయంతి తల ఎత్తలేదు. ఆమె కీబోర్డు చప్పుడు మాత్రం ఆగిపోయింది.