మధ్యలో ఆగిన మాట

కంచరపాలెం డీటీపీ షాపులో నేను, రోజలిన్ పక్కపక్క కంప్యూటర్ల మీద పనిచేస్తాం. ఆ మధ్యాహ్నం ఓ చిన్న ప్రోగ్రామ్ రాశాను. బటన్ నొక్కితే తెర మీద అక్షరాలు ఒక్కొక్కటిగా పడతాయి. ‘నన్ను పెళ్లి చేసుకుంటావా?’ అని పడేలా చేసి ఆమెకు చూపించాను.

రోజలిన్ నవ్వలేదు. కోడ్ తెరిచి, నా వాక్యం చెరిపి తనది రాసింది.

“నువ్వే నొక్కు, ఐజాకూ.”

నొక్కాను. ‘నిన్ను పెళ్లి చేసుకోను’ అని పడి అక్షరాలు ఆగిపోయాయి.

నాలో ఇద్దరున్నారని అప్పుడే తెలిసింది. ఒకడు కుప్పకూలాడు. రెండోవాడు మాత్రం టైమర్‌లో తప్పుందేమోనని వెతుకుతున్నాడు. ఆశ అంటే బహుశా వాడే.

అంతలో ‘న్నాను’ వచ్చి చివర చేరింది.

చేసుకోనున్నాను!

“మద్దిలో ఆగిపోనాదేటే?”

“నానే ఆపీసేను.”

“అయినా ‘చేసుకోనున్నాను’ అని ఎవులంటారే? అది పేపర్ బాస!”

“సరే అనీసుంటే నీ మొకం అలాగ మారీదేటి?”

ఆగలేక కుర్చీలో గిర్రున తిరిగాను. షాపు, గోడ మీది శుభలేఖల నమూనాలు, రోజలిన్ పళ్లు, అన్నీ ఒకే గీతలా కలిసిపోయాయి.

“పడిపోతావు, ఆగు!” అంటూ ఆమె కుర్చీని పట్టుకుని, ఇంకో చుట్టు తిప్పింది.